విలన్ కొండ ఇంటికి వెళ్ళొచ్చాను!

సినిమా విలేఖరులకు ఒక ముచ్చట ఉంటుంది. తెర మీద కళ్ళెర్ర చేసి, పళ్ళు పటపట కొరికి, హీరోయిన్ని ఎత్తుకుపోయే విలన్ గారింటికి ఇంటర్వ్యూ కోసం వెళతాం. గేటు తీసి లోపల అడుగు పెడితే ఆయన లుంగీ కట్టుకుని మొక్కలకు నీళ్ళు పోస్తుంటాడు. "రండి బాబూ, కాఫీ తాగుతారా, మజ్జిగ పుచ్చుకుంటారా?" అంటాడు. ముందురోజు సెకండ్ షోలో ఆయన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి మనకే సిగ్గేస్తుంది!

సరిగ్గా అలాంటి అనుభవమే నాకు 2024 మార్చిలో ఎదురైంది. కాకపోతే ఈ విలన్ మనిషి కాదు, కొండ! ఎత్తు 2287 మీటర్లు. నివాసం న్యూజిలాండ్ ఉత్తర దీవి. తెర పేరు మౌంట్ డూమ్. అసలు పేరు ఙౌరుహోయె.

నోరు తిరగలేదు కదూ? నాకూ తిరగలేదు. మన అక్షరమాలలో 'ఙ' అని ఒకటుంది చూశారూ? చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత మళ్ళీ ఎన్నడూ ముట్టుకోని అక్షరం! ఆ కొండ పేరు దానితోనే మొదలవుతుంది. ఆక్లండ్‌లో బడికెళ్ళే నా పన్నెండేళ్ళ మేనకోడలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది. "మామయ్యా, నీ అక్షరమే నువ్వు పలకలేకపోతే ఎలా?" అని నవ్వింది కూడాను.

తెర మీద చూసిన కొండ

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్రాలు తెలియని సినిమా ప్రియులు ఉండరు. 2001, 2002, 2003లలో వరసగా మూడు భాగాలు వచ్చాయి. దర్శకుడు పీటర్ జాక్సన్ న్యూజిలాండ్ వాడే. మూడో భాగానికి 2004లో పదకొండు ఆస్కార్లు వచ్చాయి. పోటీ పడింది పదకొండు విభాగాల్లో, గెలిచింది పదకొండూ!

ఆ మూడో భాగం వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. విజయవాడలో ఒక థియేటర్లో నేల టిక్కెట్టుకి చూశాను. ఇంగ్లీషు సంభాషణలు సగం అర్థం కాలేదు. కాని ఆ కొండ అర్థమైంది. నల్లగా, నిప్పులు కక్కుతూ, లోకంలోని చెడునంతా కడుపులో పెట్టుకున్న కొండ! దాన్నెక్కలేక ఫ్రోడో కూలబడిపోతే, స్నేహితుడు శామ్ అతన్ని మోసుకుంటూ ఎక్కుతాడు. హాలంతా ఈలలు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. ఎప్పటికైనా ఆ కొండ ఎక్కాలని ఆ రోజే మనసులో పడిపోయింది.

ఇన్నేళ్ళకు అవకాశం వచ్చింది. అక్కా బావా ఆక్లండ్‌లో స్థిరపడ్డారు. నాలుగేళ్ళుగా రమ్మంటున్నారు. టిక్కెట్టు కొనుక్కోగానే ఒక పత్రిక ఎడిటర్ గారికి ఫోన్ చేసి, "మౌంట్ డూమ్ శిఖరం మీంచి వ్యాసం రాస్తానండీ" అనేశాను. ఆయన వెంటనే శీర్షిక కూడా ఖాయం చేసేశారు: 'డూమ్ శిఖరాన మన విలేఖరి!' అడ్వాన్సు కూడా ఇచ్చారు. ఆ డబ్బు విమానం టిక్కెట్టులో కలిసిపోయింది.

అక్క మాత్రం గయ్యిమంది. "ఒక్కడివే కొండలెక్కడమేమిట్రా? కాలో చెయ్యో విరిగితే పిల్లనిచ్చేవాళ్ళు కూడా దొరకరు!" అంది. బావ ఏమీ అనకుండా తన గాలికోటు తెచ్చి ఇచ్చాడు. "ఎండ కాస్తోంది కదా, ఎందుకు బావా?" అంటే, "ఇక్కడి ఎండని నమ్మొద్దు. సంచీలో పడుండనీ" అన్నాడు. మన శివరాత్రి రోజులు వాళ్ళకు వేసవి పోయి ఆకురాలు కాలం మొదలయ్యే రోజులు. అక్క చివరికి మెత్తబడి, పులిహోర పొట్లం కట్టి, ఫ్లాస్కు నిండా అల్లం టీ పోసి ఇచ్చింది. ఆ ఫ్లాస్కుని గుర్తుంచుకోండి. కథలో దానికి పాత్ర ఉంది.

"ఆ పేరుతో ఇక్కడ కొండ లేదు"

ఆక్లండ్ నుంచి దక్షిణంగా సుమారు అయిదు గంటలు బస్సు ప్రయాణం చేస్తే 'నేషనల్ పార్క్' వస్తుంది. అది ఊరి పేరే! రాత్రి అక్కడ ఒక చవక బసలో పడుకుని, తెల్లవారుజామున అయిదున్నరకు వ్యాన్ ఎక్కాను. ఈ కాలినడక దారి పేరు 'టోంగారిరో ఆల్పైన్ క్రాసింగ్'. పొడవు సుమారు 20 కిలోమీటర్లు. కొండలకు ఇటుపక్క మాంగాటెపోపో అనే చోట మొదలుపెట్టి, అటుపక్క కెటెటాహి దగ్గర దిగాలి. ఏడెనిమిది గంటల పని. మొదలుపెట్టిన చోటికి తిరిగి రాం కాబట్టి వ్యాన్లవాళ్ళు ఇటు దింపి, సాయంత్రం అటునుంచి తీసుకొస్తారు.

మా వ్యాన్ నడిపినాయన మావోరీ మనిషి. యాభై దాటి ఉంటాయి. మావోరీలంటే అక్కడి మూలవాసులు. "ఒక్కడివేనా? ఎక్కడిదాకా?" అని అడిగాడు. "మౌంట్ డూమ్ ఎక్కుతాను" అన్నాను దర్జాగా.

ఆయన అద్దంలోంచి నావైపు చూశాడు. "ఆ పేరుతో ఇక్కడ ఏ కొండా లేదే!" అన్నాడు.

నేను నాలుక కరుచుకుని, మేనకోడలు నేర్పినట్టు అసలు పేరు చెప్పాను. ఆయన మొహం కాస్త విచ్చుకుంది. "పేరు బాగానే పలికావు. అయితే విను. ఆ కొండలు మాకు రాళ్ళు కాదు, పెద్దవాళ్ళు. శిఖరం అంటే తల. మాలో మనిషి తలే పవిత్రం. దాన్ని ఊరికే చేత్తో కూడా తాకం. ఇక నువ్వు బూట్లతో ఎక్కుతానంటున్నావు. ఆపడానికి పోలీసులెవరూ ఉండరు. ఎక్కవద్దని అడగడం మా వంతు. తర్వాత నీ ఇష్టం" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునేమో, ఎదురు చెప్పి ఉందును.

ఈ కొండల వెనక పెద్ద చరిత్రే ఉంది. తెల్లవాళ్ళ భూమి కోర్టులు మావోరీల నేలను ముక్కలుగా పంచి అమ్మకానికి పెడుతున్న రోజులవి. టోంగారిరో, ఙౌరుహోయె, రువాపెహు శిఖరాలు కూడా అలాగే చేతులు మారిపోతాయని ఙాటి టూఫారెటోవా తెగ నాయకుడు హొరోనుకు టె హ్యూహ్యూ భయపడ్డాడు. 1887లో ఆ మూడు శిఖరాలనూ ప్రభుత్వానికి అప్పగించాడు. న్యూజిలాండ్‌లో మొదటి జాతీయ పార్కు అలా పుట్టింది. అది దానం కాదు, ఇద్దరం కలిసి కాపాడుకుందామన్న మాట అంటారు ఆ తెగవాళ్ళు. యునెస్కో ఈ చోటును 1990లో ప్రకృతి వారసత్వంగానూ, 1993లో సంస్కృతి వారసత్వంగానూ గుర్తించింది.

మరి సినిమా వాళ్ళో? వాళ్ళు కూడా పవిత్రమైన ఆ శిఖరం మీద షూటింగ్ చెయ్యలేదు! దగ్గరి షాట్లు కొన్ని పక్కనున్న రువాపెహు వాలుల్లో తీశారు. మంటలూ లావా గ్రాఫిక్సు వాళ్ళ పనితనం. అంటే మన విలన్‌కి కూడా డూపు ఉన్నాడన్నమాట!

దారి తప్పిన అరగంట

ఏడింటికి నడక మొదలుపెట్టాను. మొదటి గంటన్నర హాయిగానే ఉంది. చెక్క పలకలు పరిచిన దారి, పక్కన వాగు, పాత లావా గడ్డకట్టిన నల్లటి బండలు. ఎండ మెల్లిగా మీద పడుతోంది. ఈ మాత్రానికేనా అక్క అంత గొడవ చేసిందీ అనుకున్నాను. సోడా స్ప్రింగ్స్ దాటాక మొదలైంది అసలు ఫైటింగ్ సీను. 'దెయ్యం మెట్లు' అని పేరున్న నిట్టనిలువు ఎక్కుడు. పది మెట్లకోసారి ఆగి, ఫొటో తీసే వంకతో రొప్పు తీర్చుకున్నాను. పొద్దున్న వ్యాన్‌లో నా పక్కన కూర్చున్న తెల్లజుట్టు దొరసాని నవ్వుతూ నన్ను దాటిపోయింది!

పైకొచ్చేసరికి ఒక్కసారిగా చదునైన మైదానం. సౌత్ క్రేటర్ అంటారు. నాలుగు వైపులా గోడల్లా కొండలు, మధ్యలో ఎండిన చెరువులాంటి నేల. తల తిప్పితే కుడిపక్కన... ఆయన!

నిజం చెబుతున్నాను, గుండె ఒక్క క్షణం ఆగింది. ఇస్త్రీ చేసినట్టున్న కోణాకారం. బూడిద రంగు వాలు. పైన ఎర్రటి అంచు. మబ్బు తునక ఒకటి తలపాగాలా చుట్టుకుని ఉంది. శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది వేరే కొండ కూడా కాదు, టోంగారిరో అగ్నిపర్వతానికి ఒక నోరు. ఆఖరిసారి 1975లో బద్దలైంది. ఇరవయ్యేళ్ళ క్రితం చీకటి హాల్లో చూసిన రూపం ఎదురుగా నిలబడి ఉంటే, వ్యాన్ మనిషి చెప్పిన మాట ఎటు పోయిందో తెలియలేదు.

ఇద్దరు యూరపు కుర్రాళ్ళు దారి వదిలి అటు వెళుతున్నారు. పైకి దారి చూపే బోర్డులేమీ లేవు. "వస్తావా? రెండు గంటల్లో ఎక్కేస్తాం" అని పిలిచారు. వాళ్ళ వెనక నడిచాను. శీర్షిక గుర్తొచ్చింది. ఖర్చయిపోయిన అడ్వాన్సు గుర్తొచ్చింది. థియేటర్లో ఈలలు కూడా గుర్తొచ్చాయి.

కొండ అడుగుకు చేరి నాలుగు అడుగులు వేశాను. అంతా జారుడు రాళ్ళు. ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు కిందికి జారుతోంది. పైనున్న కుర్రాడి కాలి కింద రాయొకటి కదిలి, దొర్లుకుంటూ నా పక్కనుంచి పోయింది. తలకాయంత రాయి! అక్కడే కూలబడ్డాను.

కూర్చున్నవాణ్ణి కాళ్ళకేసి చూసుకున్నాను. మట్టి కొట్టుకున్న బూట్లు. మన దగ్గర పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. తిరుమల కొండను చెప్పులతో ఎక్కబోయి కాళ్ళు సాగక పడిపోయిన అన్నమయ్య కథ మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! సినిమాలో ఆ ఘట్టం చూసి హాల్లో దణ్ణం పెట్టుకున్నవాణ్ణే నేను. మన కొండ దగ్గర చెప్పులు విడుస్తాం, పరాయివాళ్ళ కొండ దగ్గర రికార్డు కొడతామా?

ఇదంతా భక్తి అనుకునేరు. భయం కూడా ఉంది, దాచడమెందుకు? ఆ రాయి నా పక్కనుంచి పోకుండా మీదికి వచ్చి ఉంటే ఒంటరివాణ్ణి, ఎవరు మోస్తారు? నాకు శామ్ లేడు. భయం ఎంతో, మర్యాద ఎంతో ఇప్పటికీ తూచలేను. మొత్తానికి లేచి వెనక్కి తిరిగాను. కుర్రాళ్ళు పైనుంచి ఏదో అరిచారు. చెయ్యి ఊపాను. అసలు దారికి చేరేసరికి అరగంట పోయింది, ఒక వాటరు బాటిలు కూడా ఖాళీ అయింది.

అక్క పంపిన నిప్పు

అసలు పరీక్ష అక్కణ్ణుంచే మొదలవుతుందని నాకేం తెలుసు?

రెడ్ క్రేటర్ అంచు ఈ దారిలో అన్నిటికంటే ఎత్తు, 1886 మీటర్లు. అక్కడికి ఇంకా కొంత దూరం ఉండగానే మబ్బు దిగింది. పది నిమిషాల్లో ఎదుటి మనిషి కనిపించడం మానేశాడు. గాలి లేచింది. గాలంటే మామూలు గాలి కాదు, మన దివిసీమ వాళ్ళు చెప్పే తుఫాను గాలి! నేను తొడుక్కున్నది జీన్ ప్యాంటు. అది తడిసి కాళ్ళకు అంటుకుపోయింది. కొండకు జీన్సు వేసుకెళ్ళే తెలివితక్కువ పని మీరు మాత్రం చెయ్యకండి. బావ కోటు తొడుక్కున్నాను, సగం ప్రాణం దానివల్లే నిలిచింది.

అంచు సన్నగా ఉంది. అటూ ఇటూ పల్లం. గాలి ఒక్క తోపు తోసేసరికి మోకాళ్ళ మీద పడ్డాను. ఎడమ మోకాలు రాతికి తగిలి ప్యాంటు చిరిగింది. లేవబోతే మళ్ళీ తోసింది. ఎవరినైనా పిలుద్దామంటే నా గొంతు నాకే వినపడలేదు. వెనక్కి వెళదామా అంటే వెనకా మబ్బే, ముందూ మబ్బే. చేతుల మీద పాకుతూ ఒక బండ చాటుకు చేరాను. వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి ఏడ్చాను కూడా.

అప్పుడు తెలిసింది, నేను కూర్చున్న నేల వెచ్చగా ఉంది! రాళ్ళ సందుల్లోంచి సన్నగా ఆవిరి వస్తోంది. గంధకం వాసన. భూమి లోపల ఇంకా నిప్పుంది. చేతులు నేలకు ఆనించాను. ఫ్లాస్కు తీశాను. అల్లం టీ ఇంకా పొగలు కక్కుతోంది. ఒక్క గుక్క గొంతు దిగేసరికి అక్క పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

ఈ చోటుకు మావోరీలు చెప్పే కథ ఏమిటో తెలుసా? ఙాటోరోయిరంగి అనే పూజారి, సముద్రాలు దాటి పడవలో వచ్చిన తొలి తరం వాడు, ఈ కొండ ఎక్కాడు. దక్షిణపు గాలికి గడ్డకట్టి చావుకు దగ్గరయ్యాడు. తమ పూర్వీకుల దీవి 'హవైకి'లో ఉన్న అక్కచెల్లెళ్ళను కేకేసి, నిప్పు పంపమన్నాడు. వాళ్ళు పంపారు! ఆ నిప్పు సముద్రం కిందుగా, భూమి కిందుగా ప్రయాణం చేసి, దారిలో అక్కడక్కడా తలెత్తి, చివరికి ఈ కొండలోంచి బయటికొచ్చి అతన్ని బతికించింది. రోటోరువాలో ఉడికే నీటిగుంటలు కూడా ఆ నిప్పు నడిచిన దారేనంటారు. 'టోంగా' అంటే దక్షిణపు గాలి, 'రిరో' అంటే పట్టుకుపోవడం. కొండ పేరులోనే కథ ఉంది.

మేనకోడలు ఈ కథ చెప్పినప్పుడు మన పౌరాణిక సినిమాలా ఉందే అని నవ్వాను. ఆ బండ చాటున నవ్వు రాలేదు. తమ్ముడికి చలేస్తుందేమోనని ఆక్లండ్‌లో ఫ్లాస్కు నింపిన మనిషే గుర్తొచ్చింది.

ముక్కోణపు ప్రేమకథ

అరగంటకు మబ్బు తెర పక్కకు లాగినట్టు తొలిగింది. ఏం చెప్పమంటారు! పక్కనే కుంకుమ రంగులో చీలిన గొయ్యి, రెడ్ క్రేటర్. కింద పచ్చల్లాంటి మూడు కొలనులు, ఎమరాల్డ్ లేక్స్. వేడి రాళ్ళలోంచి ఊరే ఖనిజాలు ఆ నీళ్ళకు రంగు వేశాయట. ఏ కళాదర్శకుడూ వెయ్యలేని సెట్టింగు! డ్యూయెట్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది గాని, హీరోయిన్ దిగిరావడం కష్టం. ఎందుకంటే అటు దిగుడంతా వదులు బూడిద. నిలబడి కొంత, కూర్చుని కొంత, జారి మిగతాదంతా దిగాను. తెల్లజుట్టు దొరసాని కింద నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇంకాస్త ముందుకెళితే నీలి సరస్సు. అదీ పవిత్రమే. నీళ్ళు ముట్టుకోవద్దు, ఒడ్డున కూర్చుని తినొద్దు అంటారు. అందుకని పులిహోర పొట్లం అక్కడ విప్పలేదు, బాగా దూరం వెళ్ళాక విప్పాను.

కొండ మలుపు తిరిగితే ఉత్తరపు వైపు మొత్తం కనిపించింది. దూరాన టావుపో సరస్సు. అదీ ఒక మహా అగ్నిపర్వతం పేలిన గొయ్యే! ఇవతల పచ్చటి అడవి కప్పుకుని ఒక అందమైన కొండ, పిహంగా. ఆ కన్య కోసం పూర్వం మగ కొండలన్నీ కొట్టుకున్నాయట. టోంగారిరో గెలిచింది. ఓడిన టరనాకి అలిగి రాత్రికి రాత్రి పడమటి సముద్రం దాకా నడిచి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ చీల్చిన దారే ఫంగనుయి నది అయిందట. హీరో, హీరోయిన్, త్యాగం చేసిన రెండో హీరో... మన వాళ్ళు తియ్యాల్సిన కథ కాదూ? ఎలాగూ మన 'కన్నప్ప' చిత్రాన్ని చాలాభాగం న్యూజిలాండ్‌లోనే తీశారు!

ఇక దిగడమే కదా అనుకుంటే, ఆ దిగుడే నన్ను చంపింది. దారి మెలికలు తిరుగుతూ తరగదు. పక్క కొండలో టె మారి బిలం నుంచి ఆవిరి లేస్తోంది. 2012 ఆగస్టు 6 రాత్రి అది హఠాత్తుగా పేలి బండరాళ్ళు విసిరింది. కెటెటాహి గుడిసె పైకప్పును చీల్చుకుని రాళ్ళు పడ్డాయి. అదృష్టం కొద్దీ ఆ రాత్రి అందులో ఎవరూ లేరు. ఇక్కడ ఆగకుండా నడవమని బోర్డులున్నాయి. ఆగకుండా నడవడానికి నా మోకాలు ఒప్పుకోవద్దూ? నీళ్ళు అయిపోయాయి. దారిలో తాగే నీళ్ళు దొరకవు. ఆఖరి వ్యాన్ నాలుగున్నరకు. అడవిలోకి దిగేసరికి మూడు ముప్పావు. కర్ర ఒకటి ఏరుకుని, కుంటుతూ, ఒక్కో చెట్టుకూ "ఇదే ఆఖరుది" అని నాకు నేను అబద్ధం చెప్పుకుంటూ నడిచాను.

నాలుగూ ఇరవైకి వ్యాన్ కనిపించింది.

పొద్దుటి మనిషే. నా చిరిగిన మోకాలు చూసి, మాట్లాడకుండా నీళ్ళ బాటిలు అందించాడు. సగం తాగనిచ్చి, "ఎక్కావా?" అన్నాడు.

"పాదాల దాకా వెళ్ళాను. పైకి వెళ్ళలేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. మెచ్చుకోలేదు, ఏమీ అనలేదు. కాని వ్యాన్ ఒక మలుపులో కాస్త నెమ్మది చేసి, కిటికీ వైపు గడ్డం చూపించాడు. సాయంత్రపు ఎండలో ఙౌరుహోయె, తల మీద మబ్బు తీసేసి, నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. నిప్పూ లేదు, పగా లేదు. ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయనలా ఉన్నాడు.

ఎడిటర్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "శిఖరం లేని వ్యాసం ఎవరు చదువుతారయ్యా?" అని విసుక్కున్నారు. అడ్వాన్సు వాయిదాల్లో తిరిగి ఇచ్చేశాను. అందుకే ఈ వ్యాసం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

ఆక్లండ్ వచ్చాక అక్క తిట్టుకుంటూనే మోకాలికి పసుపు రాసింది. ఆ రాత్రి అందరం కూర్చుని మూడో భాగం మళ్ళీ చూశాం. తెర మీద కొండ నిప్పులు కక్కుతుంటే బావ, "అదిగోనోయ్, నీ మౌంట్ డూమ్!" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మేనకోడలు అందుకుంది. "కాదు నాన్నా, అది వేషం. అసలు పేరు చెప్పు మామయ్యా!"

చెప్పాను. ఈసారి తడబడలేదు.